కొమ్మ వేసిన లారీ: అడాస్ కారులో అరకు దాకా ఆరు రోజులు

రాత్రి ఇల్లు చేరాం. బ్యాగులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, అమ్మ లేవలేదు. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మా ఎలక్ట్రిక్ కారు కొని నాలుగు నెలలైంది. బ్యాటరీ 60 యూనిట్లు. అడాస్ ఉంది, అంటే ముందు బండిని చూసి వేగం తగ్గించుకోవడం, గీతల మధ్య నడవడం, గుద్దబోతుంటే బ్రేక్ వేయడం లాంటివన్నీ. కారు ఎంతవరకు తనంతట తాను నడుస్తుందో చెప్పే, సున్నా నుంచి అయిదు దాకా ఉన్న లెక్కలో ఇది లెవెల్ 2. స్టీరింగు, బ్రేకు అది చూసుకున్నా బాధ్యత అంతా డ్రైవర్‌దే. ఇన్నాళ్లూ ఆఫీసుకి, ఇంటికి తప్ప వాడలేదు. నిజంగా మన రోడ్ల మీద ఎంత పనికొస్తుందో చూడాలని ఉంది. అమ్మకి అరకులో వలిసె పూలు చూడాలని ఉంది. రెండూ కలిశాయి.

నవంబరు 14, శుక్రవారం: ఎల్బీనగర్ నుంచి బెజవాడ

హయత్‌నగర్ దాటేసరికే గంట పట్టింది. క్రూజ్ పెట్టాను, అంటే వేగం సంగతి కారుకే వదిలేయడం. ముందు బండి ఆగితే ఆగుతోంది, కదిలితే కదులుతోంది. ఎలక్ట్రిక్ కారులో ఈ పని మరీ మెత్తగా జరుగుతుంది. గేర్లు మారే కుదుపు ఉండదు, వేగం తగ్గించేటప్పుడు ముందు మోటారే వెనక్కి పట్టి ఆ శక్తిని బ్యాటరీలోకి పంపుతుంది. బ్రేక్ ప్యాడ్ల దాకా వెళ్లే అవసరం తక్కువ. సిటీ ట్రాఫిక్‌లో కారెక్కితే కడుపులో తిప్పుతుందనే అమ్మ పది నిమిషాల్లో నిద్రపోయింది.

అయితే ముందు బండికి ఎంత దూరం ఉంచాలో మనమే పెట్టాలి. తెర మీద నాలుగు గీతలుంటాయి. నాలుగూ పెడితే ఆ ఖాళీలోకి ఆటో వస్తుంది, దాని వెనక వాటర్ క్యాన్ల బండి, దాని వెనక బైకు. ఒక్కొక్కరు దూరినప్పుడల్లా మా కారు మర్యాదగా ఆగి చోటిచ్చింది, వెనకవాళ్లు హారన్ కొట్టారు. ఒక్క గీతకి తగ్గించినా ఒక బైకు ఏటవాలుగా దూరింది, ఈసారి బ్రేకు కాస్త గట్టిగానే పడింది. అమ్మ లేచి కూర్చుంది. చౌటుప్పల్ దాకా ఆపేసి నేనే నడిపాను.

పంతంగి టోల్‌గేటు దాటాక హైవే తెరుచుకుంది. 90కి పెట్టి లేన్ అసిస్ట్ వేస్తే స్టీరింగు దానంతటదే సన్నగా సర్దుకుంటూ పోయింది. గంటకి పైగా నడిపినా భుజాలు నొప్పెట్టలేదు. ఎప్పుడూ ఈ రోడ్డు మీద సూర్యాపేట చేరేసరికి మెడ పట్టేసేది. అందుకే ఈ మార్పు నాకు పెద్దగానే అనిపించింది. చేతులు మాత్రం తీయకూడదు. పెట్టే ఉంచినా ఒక్కోసారి "చేతులు పెట్టండి" అంటుంది, ఎందుకంటే చేతిని కాదు, చేయి తిప్పే బలాన్ని కొలుస్తుంది. కొంచెం అటూ ఇటూ కదిపితేనే నమ్ముతుంది.

టోల్‌గేట్ల దగ్గర క్రూజ్ ఆపడం మొదటి రోజే అలవాటు చేసుకున్నాను. ముందు కారు గేటు దాటగానే మాది దాని వెనకే పోవాలని చూస్తుంది. మధ్యలో దిగే అడ్డుకర్రని లెక్కలోకి తీసుకోలేదు. టోల్ ఖర్చుకి ఈసారి పర్సు తీయలేదు. 2025 ఆగస్టు 15 నుంచి మొదలైన 3,000 రూపాయల ఏడాది ఫాస్టాగ్ పాస్ తీసుకున్నాను, 200 ట్రిప్పులు వస్తాయి.

నన్ను భయపెట్టింది ఒక డైవర్షన్. అండర్‌పాస్ కడుతున్నారు. పాత తెల్ల గీతలు చెరపలేదు, కొత్త దారికి పసుపు గీతలు వేశారు. కెమెరా పాత గీతనే పట్టుకుంది. అది నేరుగా సిమెంటు దిమ్మెల మీదికి పోతుంది. నేను స్టీరింగు పక్కకి తిప్పుతుంటే చేతికి ఎదురు బలం తగిలింది. చిన్న బలమే, పిల్లాడు చెయ్యి పట్టి లాగినంత. వేగం 40 కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత దారి మళ్లింపు బోర్డు కనపడగానే లేన్ అసిస్ట్ ఆపేశాను, ప్రయాణం అంతా.

సూర్యాపేట దగ్గర టీ కోసం సర్వీస్ రోడ్డులోకి దిగాం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. నా కళ్లన్నీ ఆ రాళ్ల మీదే ఉన్నాయి. ఇంతలో తెర ఎర్రగా మెరిసి గట్టిగా బీప్ వచ్చింది. ఒక పెద్దావిడ కాళ్లతో వడ్లు తిరగేస్తూ, వీపు మా వైపు పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులేస్తోంది. ఆపాను. ఆవిడ తిరిగి చూసి, "మెల్లగ పో బిడ్డా, వడ్లు" అంది. ఆవిడకి తన సంగతి కన్నా వడ్ల సంగతే ముందు. రాళ్లని చూడలేకపోయిన కెమెరా మనిషిని వెనక నుంచి పట్టుకుంది. దిమ్మెల దగ్గర వచ్చిన కోపం ఇక్కడ తగ్గింది.

కోదాడలో భోజనం చేసి సాయంత్రానికి పటమటలో బాబాయి ఇంటికి చేరాం. బ్యాటరీ 24 శాతం. బాబాయి వారం ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 15 ఆంప్స్ ప్లగ్గు పెట్టించి, ఎర్తింగ్ చూపించి ఉంచాడు. రాత్రంతా ఎక్కితే పొద్దునకి 70 అయింది.

నవంబరు 15, శనివారం: బెజవాడ నుంచి విశాఖ

బాబాయి ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఎక్కువగా రాత్రి సర్వీసులే. "నేను తోల్తానమ్మాయ్" అన్నాడు. అమ్మ ముందు కొంచెం భయపడి, "నీ చెయ్యి నాకు తెలుసులేవయ్యా, ఆ కారుని నమ్మొద్దు" అంది. నేను పక్కన కూర్చున్నాను.

మొదటి పది కిలోమీటర్లు లేన్ అసిస్ట్‌తో ఆయనకి గొడవే. గుంత కనపడితే ఇండికేటర్ వేయకుండా అలవోకగా తప్పిస్తాడు. కారు దాన్ని గీత దాటడం అనుకుని వెనక్కి లాగుతుంది. "బండి నేను తోలుతున్నానా, నన్నది తోలుతోందా?" అన్నాడు. ఇండికేటర్ వేస్తే లాగదని చెప్పాను. "గుంతకి ఇండికేటరేమిటమ్మా, వెనకోడు నేను తిరుగుతున్నాననుకుని గందరగోళపడతాడు" అన్నాడు. నిజమే. లాగడం ఆపేసి హెచ్చరిక ఒక్కటే ఉంచాం.

హనుమాన్ జంక్షన్ దాటి ఏలూరు బైపాస్ మీద క్రూజ్‌లో 85 మీద పోతున్నాం. బాబాయి ఉన్నట్టుండి కాలు బ్రేకు మీద పెట్టాడు. నాకేమీ కనపడలేదు. "కొమ్మ" అన్నాడు. దూరంగా రోడ్డు మీద పచ్చటి వేపకొమ్మ, దాని వెనక రెండు రాళ్లు, ఇంకా ముందు ఎడమ లేనులో ఆగిపోయిన లారీ. టైరు మారుస్తున్నారు. మేం నెమ్మదిగా పక్క లేనులోకి మారాం. అప్పటికీ మా తెర మీద ఆ లారీ బొమ్మ రాలేదు.

దీని కారణం చదివి ఉన్నాను కానీ కళ్లతో చూడటం అదే మొదలు. ముందు బంపర్లో ఉండే రాడార్ కదిలేవాటి వేగం తేడాని చక్కగా పట్టుకుంటుంది. రోడ్డు పక్క బోర్డులు, వంతెన దిమ్మెలు, డివైడర్ రెయిలింగులు కూడా దానికి తగులుతూనే ఉంటాయి. అన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకు పోలేదు. అందుకని కదలనివాటిని చాలా సిస్టమ్‌లు అంతగా పట్టించుకోవు, కెమెరా కూడా అది బండేనని తేల్చేదాకా ఆగుతాయి. హైవే వేగంలో ఆ ఆలస్యమే ప్రమాదం. ఆగి ఉన్న బండిని గుర్తించకపోవచ్చని మాన్యువల్లోనే రాసి ఉంది. ఎంతమంది చదువుతారు?

కొమ్మ అంటే "ముందు బండి ఆగింది" అని మన రోడ్డు మీద అందరికీ తెలుసు. లారీ క్లీనర్ చెయ్యి బయటపెట్టి ఊపితే రమ్మనో వద్దనో తెలుసు. లారీ కుడి ఇండికేటర్ వేస్తే "దాటి పో" అంటున్నాడో, తనే కుడికి తిరుగుతున్నాడో ఆ రోడ్డు వంపుని బట్టి, లారీ వేగాన్ని బట్టి బాబాయి చెప్పేస్తున్నాడు. వీటిలో ఒక్కటీ కారుకి తెలియదు. కారు వస్తువుల్ని చూస్తోంది, బాబాయి మనుషుల ఉద్దేశాల్ని చదువుతున్నాడు. ఆ రోజంతా నేను ఈ తేడానే గమనిస్తూ కూర్చున్నాను.

గుండుగొలను దగ్గర దేవరపల్లి, కొవ్వూరు మీదుగా పోయే కొత్త రోడ్డు పట్టాలి. మాటల్లో పడి బాబాయి తన పాత రోడ్డులోకి తిప్పేశాడు. తాడేపల్లిగూడెం వచ్చాక గానీ చూసుకోలేదు. "నా చేతులు తిప్పాయమ్మాయ్, నేను కాదు" అన్నాడు. వెనక్కి పోలేదు. ఈ రోడ్డులో క్రూజ్ దండగ. స్పీడ్ బ్రేకర్లని కారు చూడదు. పెట్టిన వేగంతోనే ఎక్కించేస్తుంది. గడ్డి ట్రాక్టర్లు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు, గట్టు దిగి వచ్చే గేదెలు. అన్నీ ఆపేసి, గుద్దుకునే ముందు వేసే బ్రేకు ఒక్కటి ఉంచాం.

తణుకు దగ్గర తెర మీద కాఫీ కప్పు బొమ్మ వచ్చింది. "ఇదేమిటి?" అన్నాడు. చాలాసేపటి నుంచి నడుపుతున్నారు, కాస్త ఆగి కాఫీ తాగండి అంటోందని చెప్పాను. బాబాయి కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి సర్వీసులో సూర్యాపేట దాటాక నిద్ర ముంచుకొచ్చేది. పచ్చిమిరపకాయలు జేబులో పెట్టుకునేవాణ్ణి. ఒకటి కొరికితే కోదాడ దాకా వచ్చేవాణ్ణి" అన్నాడు. వెనక నుంచి అమ్మ, "ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేమయ్యా" అంది. "చెబితే మీరు బస్సెక్కుతారా వదినా?"

పెద్ద బస్సులకీ, లారీలకీ ఆటోమేటిక్ బ్రేకింగ్, నిద్రమత్తు హెచ్చరిక, లేను దాటితే హెచ్చరిక తప్పనిసరి చేయాలని కేంద్రం 2025 మార్చిలో ముసాయిదా ఇచ్చిందని చెప్పాను. కారులో నాకున్నవన్నీ ఒక పక్క, బస్సులో నిద్రమత్తు హెచ్చరిక ఒక్కటీ ఒక పక్క పెట్టి తూస్తే నాకు రెండోదే బరువు. నలభై మంది ప్రాణాలు ఒక్క మనిషి కంటిరెప్పల మీద ఉంటాయి. ఆ మనిషి మా బాబాయి.

కప్పు మాట విని ఆగాం. రావులపాలెంలో కాఫీ, పక్కనే ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు, బెల్లంవి. దారి తప్పినందుకు దొరికిన ఫలం. కడియపులంక నర్సరీల పక్కన బంతిపూల రంగు చూసి అమ్మ కారు దిగనంది, అంటే దిగితే మళ్లీ ఎక్కలేనని.

రాజమండ్రి దగ్గర 25 శాతానికి వచ్చి ఛార్జింగ్ పెట్టాం. 36 యూనిట్లకి 870 రూపాయలు, యాభై నిమిషాలు. పక్క ఛార్జింగ్ గన్ దగ్గర అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన కలిశాడు. కారు కొన్న రోజే అడాస్ బీప్‌లన్నీ ఆపించేశాడట, బుర్ర తినేస్తుందని. నాకు ఆయన మీద కోపం రాలేదు. రోజుకి వందసార్లు అనవసరంగా అరిచేది నూటొకటోసారి నిజంగా అరిచినా ఎవరూ వినరు. దీన్ని తయారుచేసేవాళ్లు పట్టించుకోవాల్సిన మొదటి విషయం ఇదే. బాబాయి మాత్రం, "బ్రేకు ఆపకండి సార్, అరుపు ఆపుకోండి" అన్నాడు.

అన్నవరంలో కార్తీక మాసం జనం. కొండెక్కలేదు, కింద కౌంటర్లో ఆకు పొట్లాల్లో ప్రసాదం తీసుకుని, వేడివేడిగా ఉండగానే కారులో తినేశాం.

తుని దాటాక చీకటి పడింది. డివైడర్ అవతలి లైట్లు కళ్లలో కొడుతున్నాయి. బాబాయి 70 మీద పోతున్నాడు. ఎడమ అంచున అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, నల్లబట్టల్లో, ఒక వరసలో నడుస్తున్నారు. వరస చివరాయన చెప్పులు లేని కాలికి ఏదో గుచ్చుకున్నట్టుంది, ఒంటికాలి మీద పక్కకి ఒరిగి రోడ్డు మీదికి వచ్చాడు. ఎర్ర మెరుపు, బీప్, బ్రేకు, అన్నీ ఒకేసారి. సీటుబెల్టు ఛాతీని పట్టేసింది. పూతరేకుల పెట్టె ముందుకొచ్చి నా కాళ్ల దగ్గర పడింది. మేం ఆగాక ఆయనకీ మాకూ మధ్య ఇంకో మనిషి నిలబడేంత చోటుంది.

పక్కకి తీసి నిలబెట్టాం. బాబాయి చేతులు వణికాయి. "నేనూ తొక్కాను. కానీ నా కాలి కింద పెడల్ అప్పటికే దిగి ఉంది" అన్నాడు. ఆ స్వామి దగ్గరకొచ్చి కారుకి దణ్ణం పెట్టాడు. అమ్మ ప్రసాదం పొట్లం ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆ తర్వాత విశాఖ దాకా నేనే నడిపాను.

నవంబరు 16, ఆదివారం: విశాఖ

విశ్రాంతి. ఆ రోజు పనికొచ్చింది ఒక్కటే. బీచ్ రోడ్డు దగ్గర రెండు పెద్ద బండ్ల మధ్య నుంచి రివర్స్ తీస్తుంటే, అడ్డంగా వస్తున్న స్కూటర్‌ని మాకు కనపడకముందే వెనక రాడార్ చెప్పింది. బాబాయికి అన్నిటికన్నా ఇదే నచ్చింది. బస్సుకి వెనక కండక్టరు "రైట్ రైట్" అనేవాడు, ఇది ఆ పని చేస్తోంది అన్నాడు.

నవంబరు 17, సోమవారం: అరకు

కార్తీక మాసంలో ఆఖరి సోమవారం. అమ్మ ఉపవాసం. ఖాళీ కడుపుతో ఘాట్ ఎక్కుతానంటే వద్దన్నాను, వినలేదు.

శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక ఒక్కసారి క్రూజ్ పెట్టి చూశాను, చూడాలని మాత్రమే. ముందు జీపు వెనక 35 మీద పోతోంది. వంపు తిరగగానే జీపు రాడార్ చూపు నుంచి తప్పుకుంది. దారి ఖాళీ అనుకుని మా కారు నేను పెట్టిన 50 వైపు ఎగబాకింది, అదీ మలుపులో. ఎలక్ట్రిక్ మోటారుకి ఆలస్యం ఉండదు, తొయ్యగానే తోస్తుంది. వెంటనే ఆపేశాను. మళ్లీ ముట్టుకోలేదు. లేన్ అసిస్ట్ కూడా మలుపుల్లో పట్టు వదిలేస్తుంది, అదీ చప్పుడు లేకుండా, తెర మీద ఆకుపచ్చ గీత బూడిద రంగులోకి మారి. కళ్లు రోడ్డు మీద ఉన్నవాళ్లకి ఆ రంగు మార్పు ఎలా తెలుస్తుంది?

ఘాట్‌లో నిజంగా సాయపడింది అడాస్ కాదు, రీజెన్, అంటే మోటారు వెనక్కి పట్టి బ్యాటరీ నింపే ఆ పద్ధతి. గట్టి రీజెన్ పెడితే పెడల్ వదిలినప్పుడల్లా ముందుకు తూలి అమ్మకి కడుపులో తిప్పింది. మధ్యస్థానికి తగ్గించాం, సర్దుకుంది. దిగేటప్పుడు ఇదే వరం. బ్రేకు మీద కాలు పెట్టింది చాలా తక్కువ. పైన 41 శాతం ఉన్న బ్యాటరీ శృంగవరపుకోటకి వచ్చేసరికి 42 చూపించింది. బాబాయి దాన్ని నమ్మడానికి రెండుసార్లు చూశాడు. రెండో గేరులో ఇంజన్ మీద బస్సుని ఆపుకుంటూ ఘాట్లు దిగిన మనిషి.

వలిసె పూలు అమ్మ అనుకున్నంతా ఉన్నాయి. కొండ వాలంతా పసుపు. పొలం గట్టు మీద ఫొటోకి ఇరవై రూపాయలు అడిగిన అమ్మాయి, అమ్మ ఉపవాసమని తెలిసి అరటిపండు తెచ్చి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు. బొంగు చికెన్ పొగ వాసన వస్తుంటే బాబాయీ నేనూ ముఖాలు చూసుకుని కాఫీతో సరిపెట్టుకున్నాం.

నవంబరు 18, 19: తిరుగు దారి

పద్దెనిమిదిన బెజవాడకి, ఈసారి కొవ్వూరు మీదుగా, దారి తప్పకుండా. కొత్త రోడ్డు గీతలు స్పష్టంగా ఉన్నాయి, కారు ఎంత చక్కగా నడవగలదో ఆ ముక్కలో చూపించింది. మంచి గీతలు, మధ్యలో డివైడర్, అడ్డంగా దూరే దారులు తక్కువ. ఇవి ఉంటే ఇది మంచి తోడు. బాబాయి ఈసారి గుంతలకి కూడా ఇండికేటర్ వేశాడు, వెనక ఎవరూ లేనప్పుడు మాత్రం.

పంతొమ్మిదిన అమ్మ దుర్గమ్మ దర్శనం చేసుకుంది. మేం బయల్దేరేసరికి సాయంత్రం. బాబాయి గేటు దగ్గర కిటికీలోకి వంగి చెప్పాడు. "రాత్రి పూట వెనక లైట్లు వెతక్కు. మనవాళ్లకి అవి ఉండవు. ఎదురొచ్చే లైట్ల వెలుగు రోడ్డు మీద ఎక్కడ తెగిపోతుందో చూడు. అక్కడ ఏదో ఉంటుంది."

సూర్యాపేట ముందు, అదే పచ్చిమిరపకాయల రోడ్డు మీద, క్రూజ్‌లో 80. ముందంతా చీకటి. డివైడర్ అవతల నుంచి లైట్ల వరస వస్తోంది, ఒకచోట ఆ వరస మిణుక్కుమని తెగి మళ్లీ అతుక్కుంది. కాలు బ్రేకు మీదికి పోయింది. 60, 45. అప్పుడు నా లైట్లలో కనిపించింది. గడ్డి ట్రాలీ, రోడ్డు సగం దాకా వేలాడే గడ్డి, ఒక్క ఎర్ర చుక్క లేదు. తెర మీద దాని బొమ్మ ఆ తర్వాత వచ్చింది. అమ్మ నిద్ర లేవలేదు.

పొద్దున్నే బాబాయికి ఫోన్ చేసి చెప్పాను.

"అది ఎంత దూరంలో చూసింది?" అన్నాడు.

"నేను వేగం తగ్గించాక, బాబాయ్."

"నువ్వెంత దూరంలో చూశావ్?"

లైట్లు తెగిన చోటు నుంచి లెక్కేసి చెప్పాను. "సరే, విండ్‌షీల్డ్ మీద పురుగులుంటాయి, కెమెరా దగ్గర తుడువు" అని ఫోన్ పెట్టేశాడు. తుడిచి వచ్చి ఇది రాస్తున్నాను.